తలుపు వేసుకునే గది ఏది?
(స్త్రీల మానసిక ఆరోగ్యం, హక్కులు అనే అంశంపై జరిగిన చర్చలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక స్త్రీ "మనసు బాగోలేదు" అంటే విన్నవాళ్ళు వెంటనే అడిగేది "ఇంట్లో ఏమైనా గొడవా?" అని. అంటే మనసు బాధకి, ఇంటికి ఉన్న సంబంధం మన సమాజానికి తెలియనిదేమీ కాదు. అందరికీ తెలుసు. తెలిసీ, ఆ ఇల్లు అలాగే ఉండాలనీ, ఆమె మనసు మాత్రం బాగుపడాలనీ కోరుకుంటాం. ఇప్పుడు ఫోనులో, వీడియోలో, యాప్‌లలో దొరుకుతున్న మానసిక సహాయం గురించి మాట్లాడే ముందు ఈ వైరుధ్యాన్ని గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

ఒక లెక్క చూద్దాం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. కారణాల పట్టికలో మొదటి స్థానం "కుటుంబ సమస్యలు", 31.7 శాతం. పెళ్ళికి సంబంధించిన సమస్యలు ఇందులో లేవు, వాటికి వేరే గడి ఉంది. చనిపోయిన వాళ్ళలో గృహిణులు 25,309 మంది. అంటే ఆ ఏడాది ప్రాణం తీసుకున్న స్త్రీలలో సగానికి పైగా గృహిణులే. మొత్తం మీద మగవాళ్ళ సంఖ్యే ఎక్కువ. అప్పులు, తాగుడు, ఉద్యోగం పోవడం, వీటన్నిటినీ "మగాడివి, ఏడుస్తావేంటి" అనే మాట కింద అణచుకున్నవాళ్ళు వాళ్ళు. పితృస్వామ్యం మగవాళ్ళకి అధికారం ఇస్తుంది గానీ ఏడ్చే హక్కు ఇవ్వదు. అయితే "కుటుంబ సమస్యలు" అనే రెండు మాటల వెనక ఏమేం దాగున్నాయో ఏ పట్టికా చెప్పదు. దాన్ని చెప్పాల్సింది మనం.

సహాయం కావలసినవాళ్ళకీ అందుతున్నవాళ్ళకీ మధ్య దూరం ఎంత? బెంగళూరులోని నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మానసిక సమస్యలున్న పెద్దవాళ్ళలో సమస్యని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. మన పల్లెల్లో ఆమె ముందు వెళ్ళేది ఆర్‌ఎంపీ దగ్గరికి. "నిద్ర పట్టదు, గుండె దడ, ఒళ్ళంతా మంటలు, తల పగిలిపోతోంది" అంటుంది. బలానికి ఒక సూది, నాలుగు విటమిన్ బిళ్ళలు రాసిస్తారు. "నరాల బలహీనత" అని ఒక పేరు కూడా పెడతారు. ఇంట్లో ఏం జరుగుతోందని అడిగేవాళ్ళుండరు. అడిగినా చెప్పడానికి ఆమె పక్కనే భర్తో, అత్తో నిలబడి ఉంటారు.

ఈ పరిస్థితిలో ఆన్‌లైన్ సహాయం వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం ఫోను ద్వారా, వీడియో ద్వారా వైద్యం చెయ్యడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ ప్రారంభమైంది. 14416 నంబరుకి ఎవరైనా, ఏ వేళలోనైనా, డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. ఇది కాక ప్రైవేటు యాప్‌లు ఉన్నాయి, సొంతంగా వీడియోలో మాట్లాడే సైకాలజిస్టులు ఉన్నారు, మనిషే లేకుండా జవాబిచ్చే చాట్‌బాట్‌లు కూడా ఉన్నాయి.

నేను దీన్ని వ్యతిరేకించడానికి రాలేదు. ఆందోళన, కుంగుబాటు లాంటి సమస్యలకి, శిక్షణ పొందిన మనిషి తోడుగా ఉండి నడిపించే ఆన్‌లైన్ చికిత్స, ఎదురుగా కూర్చుని చేసే చికిత్సతో పోల్చదగిన ఫలితాలిస్తోందని గత రెండు దశాబ్దాల్లో అనేక పరిశోధనలు చూపించాయి. జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్ళాల్సిన పని లేదు. "పిచ్చాసుపత్రికి వెళ్ళింది" అని ఊళ్ళో పేరు రాదు. చంటిబిడ్డ తల్లికి, మంచంపట్టిన అత్తగారికి సేవ చేసే కోడలికి, కదల్లేని వికలాంగ స్త్రీకి, తన ఇష్టాన్ని ఇంట్లో చెప్పుకోలేని స్వలింగ ప్రేమికురాలికి ఇది నిజంగా ఒక కిటికీ. ఆ కిటికీ మూసెయ్యమని ఎవరూ అనకూడదు. కాకపోతే ఆ కిటికీ దాకా ఎవరు చేరగలరు, దాని అవతల ఎవరున్నారు, అక్కడ చెప్పిన మాట ఎక్కడికి పోతుంది అని అడగటం మన హక్కు.

మొదటి ప్రశ్న: చోటెక్కడ?

ఈ సేవలన్నీ "ప్రశాంతమైన, ఏకాంతమైన చోట కూర్చోండి" అని మొదలుపెడతాయి. ఈ ఒక్క వాక్యం దగ్గరే మన స్త్రీలలో చాలామంది ఆగిపోతారు. రెండు గదుల ఇంట్లో ఆరుగురుంటే ఆమెకి తలుపు వేసుకునే గది ఏది? వేసుకుంటే "లోపల ఏం చేస్తున్నావ్, ఎవరితో మాట్లాడుతున్నావ్" అనే ప్రశ్న వస్తుంది. స్నానాలగది, మేడ మీద బట్టలారేసే చోటు, గుడి ఆవరణ, ఆఫీసు మెట్లు, ఇవే ఆమెకి ఏకాంతం.

ఇక ఫోను. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. అదే మగవాళ్ళలో 48.8, 57.4 శాతం. హైదరాబాదుని హైటెక్ నగరం అని చెప్పుకునే నేల మీద లెక్కలివి. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ చేతిలో ఫోను ఉండడం వేరు, ఆ ఫోను తనదై ఉండడం వేరు. లాకు ఎలా తీయాలో భర్తకి తెలుసు, ఎవరికి కాల్ చేసిందో కొడుకు చూస్తాడు, రీచార్జి అన్నయ్య వేయిస్తాడు. ఒక సేవ ఎంత రహస్యమైనదని చెప్పుకున్నా, కాల్ లిస్టులో ఆ నంబరు మిగిలిపోతే ఆ రాత్రి ఆమె దెబ్బలు తినొచ్చు.

లాక్‌డౌన్‌లో ఇది బట్టబయలైంది. హింసించేవాడూ హింస పడేదీ ఒకే కప్పు కింద ఇరవైనాలుగు గంటలూ ఉండిపోయారు. మాట్లాడటం కుదరని వాళ్ళ కోసం జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ నంబరు పెట్టాల్సొచ్చింది. గొంతెత్తి మాట్లాడలేని మనిషికి రాతే గొంతు అవుతుందన్నది అప్పుడు నేర్చుకున్న పాఠం. వీడియో ఉంటేనే మంచి సేవ అనుకోవడం గది ఉన్నవాళ్ళ ఆలోచన.

రెండో ప్రశ్న: తీరికెప్పుడు, డబ్బెవరిది?

కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే 2024లో తేల్చిన మాట: ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు జీతంలేని ఇంటిచాకిరీకి పెడుతుంటే, ఆ పని ముట్టుకునే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. పిల్లల, ముసలివాళ్ళ సంరక్షణ దీనికి అదనం. అయిదు గంటల చాకిరీ తర్వాత, దాని మీద కూలీయో ఉద్యోగమో చేశాక, యాభై నిమిషాలు తనకోసం తీసుకోవాలంటే ఎవరో ఒకరు ఆ పనిలో కొంత అందుకోవాలి. అది జరగనప్పుడు "మీకోసం మీరు సమయం కేటాయించుకోండి" అనే సలహా ఆమె నెత్తిన ఇంకో పనిగా మారుతుంది. చేయలేకపోతే అదీ ఆమె తప్పే అవుతుంది.

ప్రైవేటు సేవల్లో ఒక విడత మాట్లాడటానికి చాలాచోట్ల వెయ్యి రూపాయలకి తక్కువ కాదు. వారానికి ఒకసారి చొప్పున నెలకి ఎంతవుతుందో లెక్క వేసుకోండి. ఆ డబ్బు తన బ్యాంకు ఖాతాలోంచి పోతే భర్త ఫోనుకి మెసేజి వెళ్ళే ఇళ్ళెన్ని! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల నుంచి అందుబాటు ఖర్చులో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని 18వ సెక్షన్‌లో రాసింది. శారీరక జబ్బుకి బీమా ఇచ్చినట్టే మానసిక జబ్బుకీ ఇవ్వాలని 21వ సెక్షన్‌లో చెప్పింది. హక్కుగా రాసుకున్నదాన్ని మార్కెట్లో కొనుక్కోమంటే అది హక్కు ఎలా అవుతుంది?

మూడో ప్రశ్న: వినేది ఎవరు, ఏం వింటున్నారు?

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచెయ్యాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. మానసిక వైద్యుడంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన సైకియాట్రీ చదివినవాడు. కానీ "కౌన్సెలర్", "లైఫ్ కోచ్" అన్న బోర్డులు చాలాకాలంగా ఎవరైనా పెట్టుకోగలుగుతున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్ల వంటి వాళ్ళనీ తన పరిధిలోకి తెచ్చింది. కానీ అవతల తెర మీద కనిపిస్తున్న మనిషి అర్హత ఏమిటో, ఎక్కడ నమోదయ్యాడో అడిగి తెలుసుకోవచ్చునని మన స్త్రీలకి ఎవరు చెప్పారు?

అర్హత ఒక్కటే చాలదు. దృక్పథం కావాలి. "ఆయనకి కోపం ఎక్కువ, మీరు కాస్త ఓర్చుకోండి", "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అని చెప్పే కౌన్సెలింగు మనకి కొత్త కాదు. పెద్దమనుషుల పంచాయితీలోనూ, పోలీస్ స్టేషన్లోనూ ఇదే విన్నాం. దాన్నే ఇప్పుడు మెత్తని గొంతుతో వీడియోలో వినిపిస్తే సర్దుకుపోవడానికి శాస్త్రీయమైన పేరు పెట్టినట్టవుతుంది. కుటుంబ సర్వేలో, పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసని ఎదుర్కొన్నామన్నవాళ్ళు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తంలో హింస పడిన స్త్రీలలో సహాయం అడిగినవాళ్ళు 14 శాతం మాత్రమే. కాబట్టి "నిద్ర పట్టడం లేదు" అని ఫోను చేసిన ప్రతి ముగ్గురిలో ఒకరి ఇంట్లో హింస ఉండవచ్చన్న ఎరుకతోనే వినేవాళ్ళు మొదలుపెట్టాలి.

ఇక్కడ మన చట్టం చెప్పిన ఒక మంచి మాట గుర్తుచేస్తాను. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగుకి పంపవచ్చు. అయితే 2006 నిబంధనల ప్రకారం, తాను చేసిన హింసకి సమర్థన చెప్పుకోవడానికి ఆ కౌన్సెలింగులో ప్రతివాదికి వీలు లేదు. "అది నన్ను రెచ్చగొట్టింది" అనే మాట అక్కడ చెల్లదు. ఈ సూత్రం ఆన్‌లైన్‌కి కూడా వర్తించాలి. హింస ఉన్న ఇంట్లో భార్యాభర్తలని ఒకే తెర ముందు కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదకరం. కాల్ ముగిశాక వీడియోలోని కౌన్సెలర్ మాయమౌతారు. అతను మాత్రం ఆ గదిలోనే ఉంటాడు. ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, అవునా కాదా అని జవాబిచ్చే ప్రశ్నలతో భద్రత కనుక్కోవాలి, మధ్యలో ఎవరైనా వస్తే మాట మార్చడానికి ఒక గుర్తుమాట పెట్టుకోవాలి.

భాష కూడా ముఖ్యమే. మన స్త్రీలు "నాకు డిప్రెషన్" అనరు. "గుండెల్లో కుంపటి పెట్టుకుని తిరుగుతున్నా", "బతకాలని లేదు గానీ పిల్లలున్నారు" అంటారు. ఈ మాటల బరువు ప్రశ్నావళిలో మార్కులుగా మారదు. ఆదిలాబాదు గోండు స్త్రీకీ, పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే స్త్రీకీ తెలుగు కూడా పరాయిదే. కులం పేరుతో బడిలో, ఆఫీసులో అవమానపడిన దళిత స్త్రీతో "మీరే ఎక్కువగా ఆలోచిస్తున్నారేమో" అన్న కౌన్సెలరు ఆ గాయాన్ని రెండోసారి చేసినట్టే.

నాలుగో ప్రశ్న: చెప్పిన మాట ఎక్కడికి పోతుంది?

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మన సామెత. ఇప్పుడది ఎవరి కాళ్ళ మీద పడుతోందో కూడా తెలియదు. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ థెరపీ కంపెనీ, రహస్యంగా ఉంచుతామని మాటిచ్చి తీసుకున్న వివరాలని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి కంపెనీలకి ప్రకటనల కోసం ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో ఆ కంపెనీ 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. మనసులోని దుఃఖం అమ్ముడుపోయే సరుకని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మనకి 2017 చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతని హక్కుగా ఇచ్చింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకి 2023లో చట్టం వచ్చింది. అయినా స్త్రీలకి ఇక్కడ ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. 1955 హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకి ఒక కారణం. "నా భార్యకి పిచ్చి, పిల్లల్ని నాకివ్వండి" అనడానికి ఒక చాట్, ఒక చీటీ దొరికితే చాలునని కాచుకున్నవాళ్ళున్నారు. భార్యాభర్తలలో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన ఫోను సంభాషణని వివాహ వివాదాల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది దంపతుల మధ్య మాటల గురించి, థెరపీ గురించి కాదు. కానీ ఇంట్లో ఫోను సాక్ష్యాల పెట్టెగా మారుతున్న కాలమిది. అందుకే ప్రతి స్త్రీకీ తెలియాల్సిన మాట ఒకటుంది. మానసిక సమస్య ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషి మతిస్థిమితం లేనిదని అర్థం కాదని 2017 చట్టమే మూడో సెక్షన్‌లో చెప్పింది. సహాయం తీసుకోవడం నేరం కాదు, అనర్హతా కాదు.

చాట్‌బాట్‌ల గురించి రెండు మాటలు. 1966లోనే జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాము రాస్తే, అది అడిగే ప్రశ్నలకి జనం తమ గోడు వెళ్ళబోసుకున్నారు. దాన్ని చూసి భయపడింది ఆయనే. మనిషి వినడని తెలిసిన మనిషి యంత్రానికి చెప్పుకుంటుంది, అది ఆమె తప్పు కాదు. కానీ యంత్రం ఆమె గుమ్మం దగ్గరికి రాదు, ప్రొటెక్షన్ ఆఫీసరుకి ఫోను చెయ్యదు, పొరపాటు చేస్తే కోర్టులో నిలబడదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో కృత్రిమ మేధ తనంతట తాను థెరపీ చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన దగ్గర కూడా బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అడగాలి.

సముద్రం అవతల ఉన్న తెలుగు స్త్రీలని కూడా మర్చిపోకూడదు. భర్త ఉద్యోగం మీద ఆధారపడిన హెచ్-4 వీసాతో వెళ్ళినవాళ్ళకి 2015 దాకా అక్కడ పనిచేసే వీలే లేదు, ఆ తర్వాతా కొందరికే దొరికింది. చేతిలో ఇంజనీరింగ్ పట్టా, ఖాతాలో సొంత డాలరు లేదు, కారు నడపడం రాదు, చుట్టూ మంచు. ఆమె హైదరాబాదులోని కౌన్సెలరుతో తన భాషలో మాట్లాడగలగడం గొప్ప ఊరట. కానీ ప్రాణం మీదికి వచ్చిన రాత్రి హైదరాబాదు కౌన్సెలరు న్యూజెర్సీ పోలీసుల్ని పంపలేరు. అక్కడ 1985 నుంచి దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేస్తున్న మానవి వంటి సంస్థల చిరునామా కూడా ఆ కౌన్సెలరు దగ్గర ఉండాలి. దూరాన ఉన్న చెవికి దగ్గర్లో ఉన్న చెయ్యి తోడు కావాలి.

చివరిగా, మన ఉద్యమం లోపలి ప్రశ్న. థెరపీ అంటే మనలో కొందరికి అనుమానం. వ్యవస్థ చేసిన గాయాన్ని వ్యక్తి లోపంగా చూపిస్తుందన్నది ఆ అనుమానం. అది న్యాయమైనదే. "వ్యక్తిగతమే రాజకీయం" అనే మాట పేరుతో 1970లో అచ్చయిన కరోల్ హానిష్ వ్యాసం ఈ గొడవలోంచే పుట్టింది. స్త్రీలు కూర్చుని తమ జీవితాల గురించి చెప్పుకోవడాన్ని "ఇది థెరపీ, రాజకీయం కాదు" అని తీసిపారేసినవాళ్ళకి ఆమె జవాబు రాసింది. మన దగ్గర దీనికి సాక్ష్యం కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకి చేరిన స్త్రీలు తమ ఇళ్ళలోని తాగుడు గురించి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరికి వారు తమ కర్మ అనుకున్నది అందరి కథ అని తెలిసింది. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. వాళ్ళకి కౌన్సెలింగు అన్న మాట తెలియదు. కానీ ఆ గదిలో జరిగింది మనసుకి వైద్యమే.

అయితే ఉద్యమం వచ్చేదాకా ఆగమని, ఈ రాత్రి నిద్రపట్టని మనిషితో చెప్పగలమా? చెప్పకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబండా ఊళ్ళోని అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టారు. కుంగుబాటుతో వచ్చినవాళ్ళకి అది మేలు చేసిందని 2016లో అచ్చయిన పరీక్ష తేల్చింది. మన గోవాలోనూ వైద్యులు కాని కౌన్సెలర్లు ఇలాంటి పని చేసి చూపించారు. మన దగ్గర ఆశా కార్యకర్తలున్నారు, పొదుపు సంఘాలున్నాయి. ఆ చేతుల్ని, ఆన్‌లైన్‌లో ఉన్న నిపుణుల్ని కలపాలి. కానీ ఇప్పటికే గొడ్డుచాకిరీ చేస్తున్న ఆశా అక్క నెత్తిన జీతం లేకుండా ఇంకో మోపు పెట్టి కాదు.

మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి, టెలీ మానస్, 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు ఒకదానికొకటి కలిసి పనిచెయ్యాలి. బాధ విన్నవాళ్ళు ఆమె ఒప్పుకుంటే ప్రొటెక్షన్ ఆఫీసరు దాకా, న్యాయ సహాయం దాకా చెయ్యిపట్టి తీసుకెళ్ళాలి.

రెండు, ఆన్‌లైన్‌లో కౌన్సెలింగు చేసే ప్రతి ఒక్కరికీ గృహహింస చట్టం, కుల వివక్ష గురించి శిక్షణ తప్పనిసరి కావాలి. వాళ్ళ అర్హత, నమోదు నంబరు మొదటి మాటలోనే చెప్పాలి.

మూడు, ఇంట్లో గది లేని స్త్రీకి బయట గది ఇవ్వాలి. మండల కేంద్రంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, తలుపున్న ఒక చిన్న గది, అందులో ఒక ఫోను. రక్తపరీక్షకి వచ్చానని చెప్పి ఆమె అక్కడ అరగంట మాట్లాడుకోగలగాలి. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు.

నాలుగు, చెప్పుకున్న మాటలు ప్రకటనలకి, కోర్టులో ఎదుటి పక్షానికి చేరకుండా గట్టి నియమాలు, ఉల్లంఘిస్తే శిక్షలు ఉండాలి.

మనలో ఎవరైనా ఇవాళ సహాయం కోరేవాళ్ళుంటే, లేక పక్కింటి చెల్లెలికి చెప్పాలనుకుంటే: ముందు ఆ ఫోను ఎవరు చూస్తారో ఆలోచించండి. కాల్ గుర్తు చెరిపెయ్యండి, లేకపోతే నమ్మకమైన స్నేహితురాలి ఫోను వాడండి. అర్హత అడగండి, అడగటం మర్యాద తక్కువ కాదు. మాట రాసుకుంటున్నారా, రికార్డు చేస్తున్నారా అని అడగండి. "సర్దుకుపో" అన్నవాళ్ళని వదిలేసి ఇంకొకరిని వెతకండి. చావాలనిపించిన క్షణంలో అయితే ఇవేవీ ఆలోచించకుండా ముందు 14416కి ఫోను చెయ్యండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి.

ఆమె మనసుకి మందు కావాలి, అది ఆమె హక్కు. ఆ మందుతో కోలుకుని ఆమె తిరిగి వెళ్ళే ఇల్లు మారడం కూడా ఆమె హక్కే. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మరిపించనివ్వకపోవడం మన పని.